ఆర్యభటుని భూభ్రమణవాదం - వ్యాఖ్యాతల దిద్దుబాటు

ఖగోళశాస్త్ర చరిత్ర అనగానే మన విద్యార్థులకు గుర్తువచ్చే పేర్లు కోపర్నికస్, బ్రూనో, గెలీలియో. శాస్త్రానికీ మతాధికారానికీ మధ్య ఘర్షణ అంతా యూరపులోనే జరిగిందనీ, మన దేశంలో శాస్త్రమూ మతమూ ఒక తల్లి బిడ్డల్లా కలిసిమెలిసి పెరిగాయనీ ఒక అభిప్రాయం బాగా ప్రచారంలో ఉంది. దీన్ని చెప్పేవారు ఒక గర్వంతో చెబుతారు: ఇక్కడ ఏ జ్యోతిశ్శాస్త్రవేత్తనూ తగలబెట్టలేదు కదా అని. తగలబెట్టిన దాఖలా లేని మాట నిజమే. కాని మనిషిని ముట్టుకోకుండానే అతని మాటను మాయం చేసే పద్ధతులు ఉన్నాయి. వాటిలో మిక్కిలి మర్యాదస్తమైనది వ్యాఖ్యానం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఒకే ఒక్క అక్షరం చరిత్ర. ఆ అక్షరం మారిన తీరులో మన శాస్త్ర చరిత్రకు సంబంధించిన పెద్ద ప్రశ్న ఒకటి ఇమిడి ఉన్నదని నా ఉద్దేశం.

ఆర్యభటుడు క్రీ.శ. 476లో పుట్టాడు. ఈ సంగతి మనకు ఇతరులు చెప్పినది కాదు. కలియుగంలో 3600 ఏళ్ళు గడిచేసరికి తనకు 23 ఏళ్ళు నిండాయని ఆయనే చెప్పుకున్నాడు. ఆ లెక్కన అది క్రీ.శ. 499వ సంవత్సరం. తాను చెప్పే జ్ఞానం కుసుమపురంలో ఆదరణ పొందినదని కూడా అన్నాడు. కుసుమపురమంటే పాటలీపుత్రమని ఆయన గ్రంథానికి భాష్యం వ్రాసిన మొదటి భాస్కరుడు వివరించాడు. ఆ గ్రంథం ఆర్యభటీయం. పద్యాలు 121 మాత్రమే. గీతికాపాదం, గణితపాదం, కాలక్రియాపాదం, గోళపాదం అని నాలుగు భాగాలు. ఇంత చిన్న పుస్తకం కాబట్టే కంఠస్థం చేయడం సులభం. ఇంత క్లుప్తం కాబట్టే వ్యాఖ్యానం లేనిదే అర్థం కావడం కష్టం. వ్యాఖ్యాతకు అధికారం వచ్చినది ఇక్కడే.

ఆ పుస్తకంలో ఆయన చెప్పిన విషయాలలో రెండు ఆనాటి నమ్మకాలకు ఎదురునిలిచాయి. మొదటిది, నక్షత్రమండలం రోజుకొకసారి మన చుట్టూ తిరగడం లేదు, భూమే తన ఇరుసుపై పడమటినుంచి తూర్పుకు తిరుగుతున్నది. రెండవది, గ్రహణాలకు కారణం రాహువు కాడు. చంద్రుడు సూర్యునికి అడ్డం రావడం, భూమి నీడ చంద్రునిపై పడడం.

మొదటిదానికి ఆయన చూపిన ఉపమానం పడవది. ప్రవాహంతోపాటు పడవలో పోయేవానికి ఒడ్డునున్న చెట్టూ పుట్టా వెనక్కి పోతున్నట్టు కనబడతాయి. అదే విధంగా తూర్పుకు తిరిగే భూమిమీద నిలబడ్డవానికి కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనబడతాయి. ఏటి ఒడ్డున పుట్టిన ఎవరికైనా అర్థమయ్యే మాట. కళ్ళు చూసినదంతా నిజం కాదు, చూసేవాడు ఎక్కడ ఉన్నాడో కూడా లెక్కలోకి రావాలి అన్న సూత్రం ఇందులో ఉన్నది.

ఇది కేవలం ఊహ కాదు, లెక్క కూడా. 43,20,000 సంవత్సరాల మహాయుగంలో సూర్యచంద్రులూ గ్రహాలూ ఎన్నెన్ని చుట్లు తిరుగుతాయో చెప్పే జాబితాలోనే భూమిని కూడా ఆయన చేర్చాడు. భూమి చుట్లు 158,22,37,500, తూర్పుదిశగా. ఈ సంఖ్యలోనుంచి సూర్యుని 43,20,000 చుట్లు తీసివేస్తే మహాయుగంలోని దినాల సంఖ్య 157,79,17,500 వస్తుంది. ఈ రెండు సంఖ్యలనుంచి భూమి ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలాన్ని లెక్కగడితే 23 గంటల 56 నిమిషాల 4.1 సెకన్లు వస్తుంది. నేటి కొలత కూడా 23 గంటల 56 నిమిషాల 4.09 సెకన్లు. దూరదర్శిని లేని కాలంలో, నీటి గడియారంతో, తరతరాల పరిశీలనలను కూడబెట్టి సాధించిన ఖచ్చితత్వం అది.

ఇప్పుడు మన అక్షరం దగ్గరకు వద్దాం. వృత్తానికి 360 భాగలు, భాగకు 60 కళలు. మొత్తం 21,600 కళలు. నక్షత్రాల లెక్కన ఒక దినానికి 21,600 ప్రాణాలు. ప్రాణమంటే ఒక్క ఊపిరికి పట్టే కాలం, ఇంచుమించు 4 సెకన్లు. కనుక ఒక ప్రాణకాలంలో భూమి ఒక కళ తిరుగుతుందని గీతికాపాదంలో ఆర్యభటుడు చెప్పాడు. మనిషి ఊపిరినీ భూమి కదలికనూ ఒక్క కొలతలో పట్టిన వాక్యం ఇది. ఇక్కడ ఆయన వాడిన పదం 'భూః', అనగా భూమి. కాని తరవాతి వ్యాఖ్యాతలు కొందరి పాఠంలో అక్కడ కనబడేది 'భూః' కాదు, 'భం'. భమంటే నక్షత్రం, నక్షత్రమండలం. విసర్గ పోయి సున్న వచ్చింది. దానితో భూమి కదలిక కూడా సున్న అయింది! ఒక ప్రాణకాలంలో నక్షత్రమండలం ఒక కళ తిరుగుతుందని అర్థం మారిపోయింది. రెండూ గురువులే కావడంచేత ఛందస్సుకు ఏ భంగమూ కలగలేదు. ఛందస్సు దొంగను పట్టుకోలేకపోయింది.

అసలు పాఠం 'భూః' అని ఎలా చెప్పగలం? సాక్ష్యాలు మూడున్నాయి. ఒకటి, ఆర్యభటుని బద్ధవిరోధి బ్రహ్మగుప్తుడు. ఆయన క్రీ.శ. 628లో, తన 30వ ఏట బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం వ్రాసి, అందులో ఒక అధ్యాయాన్ని ఇతరుల తప్పులు ఎన్నడానికే కేటాయించాడు. అక్కడ ఈ వాక్యాన్ని ఎత్తిచూపి, భూమి ఒక ప్రాణంలో ఒక కళ కదిలితే ఎక్కడికి పోతుంది, ఏ దారిన పోతుంది అని నిలదీశాడు. పాఠం 'భం' అయిఉంటే ఆ దాడికే అవకాశం లేదు. రెండు, 9వ శతాబ్దిలో బ్రహ్మగుప్తునికి వ్యాఖ్యానం వ్రాసిన పృథూదకస్వామి కూడా దీన్ని భూభ్రమణంగానే గ్రహించాడు. మూడు, ఆర్యభటీయమే. ఒకచోట అక్షరం మార్చినవారు, తూర్పుకు తిరిగే భూమి చుట్ల సంఖ్యను అలాగే వదిలివేయక తప్పలేదు. ఆ సంఖ్య లేకపోతే పుస్తకంలోని లెక్కలే కూలిపోతాయి. 1976లో ఆర్యభటుని 1500వ జయంతి సందర్భంగా భారత జాతీయ విజ్ఞాన అకాడమీ ప్రచురించిన కృపాశంకర శుక్లా, కె.వి. శర్మల పరిష్కరణలో 'భూః' అనే పాఠమే తిరిగి తన చోటికి వచ్చింది.

సత్యం కోసం ఒక మాట చెప్పాలి. పడవ ఉపమానం తరవాతి పద్యంలోనే, నక్షత్రమండలాన్ని గ్రహాలతోసహా ప్రవహవాయువు పడమటికి తోస్తున్నదనే మాట కూడా ఉన్నది. వ్యాఖ్యాతలకు ఈ పద్యం మంచి ఆధారమయింది. ఇదే గురువుగారి సిద్ధాంతమనీ, పడవ మాట ఇతరుల భ్రమను చెప్పడానికి వచ్చినదనీ వారు వాదించారు. పడవ పద్యం దగ్గర పరమేశ్వరుడు, భూమి తూర్పుకు పోతున్నదని కొందరనుకోవడం మిథ్యాజ్ఞానంవల్లనే అని స్పష్టంగా వ్రాశాడు. కాని ప్రవహవాయువు మాటే సిద్ధాంతమైతే భూమి చుట్లను లెక్కించి గ్రహాల జాబితాలో చేర్చవలసిన అవసరమేమిటి? ఈ ప్రశ్నకు ఆ వ్యాఖ్యానాలలో తృప్తికరమైన సమాధానం నాకు కనబడలేదు.

ఇంతవరకూ వచ్చి, ఇదంతా పురోహితుల కుట్ర అని ఒక్క మాటతో తేల్చివేయడం సులభం. మన అభ్యుదయ రచనలలో కొన్ని అలాగే తేల్చివేస్తాయి. అది చరిత్ర కాదు. భూభ్రమణాన్ని కాదన్నవారు మూర్ఖులు కారు, వారి అభ్యంతరాలు పనికిమాలినవీ కావు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు, భూమి తిరిగితే ఆకాశంలోకి ఎగిరిన డేగలు తిరిగి తమ గూళ్ళకు ఎలా చేరతాయి, జెండాలన్నీ ఎప్పుడూ పడమటికే ఎందుకు ఎగరవు అని అడిగాడు. 8వ శతాబ్దంలో లల్లుడు, పైకి విడిచిన బాణం పడమట పడాలి కదా, మేఘాలన్నీ పడమటికే పోవాలి కదా అన్నాడు. ఎత్తైన వస్తువులు ఎందుకు పడిపోవని బ్రహ్మగుప్తుడు అడిగాడు. వీటిలో చివరి ప్రశ్నకు పృథూదకుడు చక్కని జవాబు ఇచ్చాడు: గోళంమీద పైనా కిందా అనేవి లేవు, ఎవడు ఎక్కడ నిలబడితే వాడికి అదే పైభాగం, ఇక ఎక్కడికని పడతాయి? కాని డేగకూ బాణానికీ ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

ఆ జవాబుకు మరొక వెయ్యేళ్ళు పట్టింది. గెలీలియో 1632లో ప్రచురించిన సంవాదంలో మళ్ళీ ఒక ఓడ కనబడుతుంది. నిలకడగా సాగే ఓడలోపలి గదిలో ఎగిరే ఈగలూ, కారే నీటిబొట్టూ ఓడ కదలనట్టే ప్రవర్తిస్తాయి, ఎందుకంటే ఓడ కదలికలో అవి కూడా భాగస్వాములు. భూమితోపాటు డేగ కూడా తిరుగుతున్నది, బాణమూ తిరుగుతున్నది. ఆర్యభటుని పడవ కంటికి జవాబు చెప్పింది; గెలీలియో ఓడ చేతికి జవాబు చెప్పింది. ఈ రెండు పడవల మధ్య దూరం ఆలోచనలో దూరం మాత్రమే కాదు. ఫిరంగి గుండు ఎంతదూరం పోతుందో, కప్పీ ఎంత బరువు ఎత్తుతుందో లెక్కగట్టవలసిన సమాజంలో, వెనీసు ఆయుధశాలలో పనివారితో మాట్లాడిన పండితునికి వస్తువుల చలనం శాస్త్ర సమస్య అయింది. మన దేశంలో గుండు పోతపోసేవాడూ, పడవ కట్టేవాడూ, బాణం చెక్కేవాడూ ఒక కులం. శ్లోకం చదివేవాడు మరొక కులం. చేతికీ బుద్ధికీ మధ్య కట్టిన ఈ గోడే మన విజ్ఞానాన్ని ఎండగట్టిందని ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ 20వ శతాబ్ది తొలి దశకంలోనే తన హిందూ రసాయనశాస్త్ర చరిత్రలో వ్రాశాడు. రసాయనశాస్త్రం గురించి ఆయన అన్నమాట చలనశాస్త్రానికి కూడా వర్తిస్తుందని నేననుకుంటాను.

అయితే, తెలియకపోవడం వేరు, తెలిసి దాచడం వేరు. ఈ రెండవది రాహువు విషయంలో కనబడుతుంది. గ్రహణానికి కారణం నీడే అని బ్రహ్మగుప్తునికి బాగా తెలుసు. ఆయన గ్రహణ గణితమంతా నీడ వ్యాసంమీదనే ఆధారపడి ఉంది. అయినా అదే పుస్తకంలో, రాహువును కాదనేవారు వేదస్మృతులకు విరుద్ధంగా మాట్లాడుతున్నారని తప్పుపట్టాడు. రాహువు కారణం కాకపోతే గ్రహణకాలపు స్నానదానహోమాలకు ఫలమెక్కడిది అన్నది అక్కడి వాదం. వరాహమిహిరుడు మరింత నేర్పరి. గ్రహణానికి రాహువు కారణం కాదని బృహత్సంహితలో స్పష్టంగా చెప్పి, ఆ వెంటనే సర్దుబాటు చేశాడు: గ్రహణ సమయంలో ఇచ్చే దానహోమాలలో నీకు భాగముంటుందని రాహువుకు బ్రహ్మ వరమిచ్చాడట, అందుచేత ఆ సమయంలో రాహువు అక్కడ ఉంటాడట!

దానం అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం. మన దక్షిణదేశపు తామ్రశాసనాలను తిరగవేస్తే సూర్యగ్రహణ నిమిత్తం, చంద్రగ్రహణ నిమిత్తం రాజులు బ్రాహ్మణులకూ దేవాలయాలకూ ఇచ్చిన భూములూ గ్రామాలూ ఎన్నో కనబడతాయి. గ్రహణం ఆకాశంలో జరిగే సంఘటన మాత్రమే కాదు, భూమి చేతులు మారే ముహూర్తం. ఆ ముహూర్తం ఖచ్చితంగా ఎప్పుడు వస్తుందో తెలియాలంటే నీడ గణితం కావాలి. ఆ ముహూర్తానికి దానం జరగాలంటే రాహువు కావాలి. లెక్కకు నీడ, రాబడికి రాహువు. సిద్ధాంతకర్త ఈ రెంటినీ ఒకే పుస్తకంలో పక్కపక్కన ఉంచవలసి వచ్చింది. క్రీ.శ. 1030 ప్రాంతంలో మన దేశాన్ని గురించి గ్రంథం వ్రాసిన అల్ బిరూనీ దీన్ని గమనించి ఆశ్చర్యపోయాడు. బ్రహ్మగుప్తునంతటి గణితవేత్త తనకు తెలిసిన దానికి విరుద్ధంగా ఎందుకు మాట్లాడాడు? సోక్రటీసుకు పట్టిన గతి తనకూ పట్టకూడదని కాబోలునని ఆయన అనుమానించాడు. యూరపులో బ్రూనోను తగలబెట్టడానికి 570 ఏళ్ళకు ముందే ఒక ఖ్వారజ్ము పండితుడు మన సిద్ధాంతకర్త ముఖంలో భయం గుర్తుపట్టాడన్నమాట.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆర్యభటుని రెండు మాటలలో నీడ సిద్ధాంతం బతికింది, భూభ్రమణం ఎందుకు చచ్చింది? నాకు తోచిన సమాధానం ఇది. నీడను కాదంటే గ్రహణం లెక్క తప్పుతుంది. పంచాంగం తప్పితే జ్యోతిష్కుని పరువూ బతుకూ పోతాయి. కాబట్టి రాహువుకు నమస్కారం పెట్టి నీడను నిలుపుకున్నారు. భూమి తిరిగినా, ఆకాశం తిరిగినా పంచాంగంలో ఒక్క విఘడియ కూడా మారదు. భూభ్రమణంవల్ల ఖగోళ గణితానికి లోటేమీ లేదని అల్ బిరూనీ కూడా అన్నాడు. లోటులేని దానితో లాభం కూడా లేకపోయింది. దాన్ని వదులుకుంటే నష్టం లేదు, పట్టుకుంటే శ్రుతిస్మృతులతో పేచీ. రోజువారీ పనిలో అవసరంలేని సత్యాన్ని కాపాడడానికి ధైర్యం మాత్రమే చాలదు. ఆ సత్యం అవసరమయ్యే పని సమాజంలో పుట్టాలి. మన దేశంలో ఆ పని పుట్టలేదు. ఒకే సమాజంలో ఒక సత్యం బతకడానికీ మరొకటి చావడానికీ కారణం అక్కడి జీవనావసరాలలో ఉంటుందని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు.

అక్షరం మారిన పాఠం చదివినవారిని పిరికిపందలుగా చూడడం కూడా తగదు. పడవ పద్యాన్ని మిథ్యాజ్ఞానమన్న ఆ పరమేశ్వరుడే కేరళలో 55 ఏళ్ళపాటు గ్రహణాలనూ గ్రహాలనూ తన కళ్ళతో పరిశీలించి, పాత లెక్కలు ఆకాశంతో సరిపోవడంలేదని తేల్చి, 1431లో దృగ్గణితం వ్రాశాడు. ఆయన కుమారునివద్ద చదివిన నీలకంఠ సోమయాజి మరొక అడుగు ముందుకు వేసి, సిద్ధాంతాలు దేవుడిచ్చినవి కావనీ, పరిశీలనతో ఎప్పటికప్పుడు దిద్దుకోవలసినవనీ జ్యోతిర్మీమాంసలో వాదించాడు. గురువు మాటకంటె ఆకాశం మాట గొప్పదన్న ఈ సంప్రదాయం మనదే. దాన్ని వారసత్వంగా తీసుకోవడానికి మనకు సంకోచం అక్కరలేదు.

తెలుగువారికి కూడా ఇందులో పాలున్నది. 12వ శతాబ్దంలో మల్లికార్జునసూరి సూర్యసిద్ధాంతానికి తెలుగులో వ్యాఖ్య వ్రాశాడు. 19వ శతాబ్దంలో కోదండరాముడు ఆర్యభటీయానికే 'సుధాతరంగం' అనే తెలుగు వ్యాఖ్య వ్రాశాడు. శాస్త్రం తెలుగులో చెప్పడానికి పదాలు లేవని తప్పించుకునే ఉపాధ్యాయులు ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోవాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో మకాం వేసి, వర్ణపటదర్శినితో సూర్యుని అంచున లేచే జ్వాలలను పరిశీలించి, అవి మండే వాయువులని గ్రహించాడు. గ్రహణం లేనప్పుడు కూడా వాటిని చూసే మార్గం ఆ మర్నాడే కనిపెట్టాడు. 1980 ఫిబ్రవరి 16న మళ్ళీ తెలుగునేలమీద సంపూర్ణ గ్రహణం పట్టింది. హైదరాబాదుకు చేరువలోని జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు ఆకాశానికి కళ్ళప్పగిస్తే, ఊళ్ళలో జనం తలుపులు బిగించుకుని కూర్చున్నారు. ఇప్పటికీ గ్రహణమంటే గుళ్ళు మూతపడతాయి. రాహుకేతు క్షేత్రమైన శ్రీకాళహస్తి మాత్రం తెరిచి ఉంటుంది. లెక్కకు నీడ, రాబడికి రాహువు అన్న ఏర్పాటు 1500 ఏళ్ళుగా చెక్కుచెదరలేదు.

పంచాంగం సంగతి కూడా అంతే. సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీలలో. మనం ఉత్తరాయణ పుణ్యకాలం జరుపుకునేది జనవరి నడిమధ్యన. 1952లో ఏర్పడ్డ పంచాంగ సంస్కరణ సంఘానికి అధ్యక్షుడైన మేఘనాథ్ సాహా, ఆకాశంతో సరిపోని పంచాంగాన్ని దిద్దుకోవాలని గట్టిగా చెప్పాడు. ఆ సంఘం సిఫారసుపై 1957 మార్చి 22న జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది; ప్రభుత్వ కాగితాలమీద అది ఉన్నది, ఇళ్ళలో మాత్రం పాతదే నడుస్తున్నది. నీలకంఠుని మాట ఇంకా పూర్వపక్షంగానే ఉన్నది.

ఈనాడు ఆర్యభటుని పేరు తెలియని బడిపిల్లవాడు లేడు. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్టుమీద నింగికెగసిన మన మొదటి ఉపగ్రహానికి ఆయన పేరే పెట్టుకున్నాం. మంచిదే. కాని ఆ పేరును రెండు విధాల దుర్వినియోగం చేసేవారున్నారు. సూర్యకేంద్రవాదమంతా ఆయన ముందే చెప్పేశాడనేవారు ఒకరు. ఆయన చెప్పినది భూమి తన ఇరుసుపై తిరగడమే. సూర్యుడూ గ్రహాలూ భూమి చుట్టూనే తిరుగుతాయన్నది ఆయన నమూనా. లేనిదాన్ని ఆయన నోట పెట్టడం ఆయనకు గౌరవం కాదు. అన్ని శాస్త్రాలూ మన ప్రాచీన పవిత్ర గ్రంథాలలోనే ఉన్నాయనడానికి ఆయనను సాక్షిగా పిలిచేవారు మరొకరు. ఆ గ్రంథాల పేరు చెప్పే ఆయన మాటను ఖండించారనీ, ఆ మాటతో పేచీ ఎందుకనే ఒక అక్షరాన్ని కొట్టివేశారనీ వీరు చెప్పరు. ఇద్దరు చేసేదీ ఒకటే: మూలంలో ఉన్నది చదవకుండా, తమకు కావలసినది అక్కడ వ్రాసుకోవడం. 'భూః' స్థానంలో 'భం' వ్రాసిన చెయ్యి ఇంకా పనిచేస్తూనే ఉన్నది.

ఉపాధ్యాయులూ విద్యార్థులూ చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ఆర్యభటునికి దండవేసి ఊరుకోక, ఆయన పడవనూ, లల్లుని బాణాన్నీ, పృథూదకుని జవాబునూ ఒకే పాఠంలో తరగతి ముందు పెట్టాలి. ఎవరు ఏ ఆధారంతో ఏమన్నారో, ఏ సందేహానికి ఎన్నేళ్ళకు జవాబు దొరికిందో, ఆ ఆలస్యానికి కారణమేమిటో పిల్లలచేతనే వాదింపజేయాలి. శాస్త్రమంటే గొప్పవారి పేర్ల వరస కాదనీ, ప్రశ్నలూ జవాబులూ, వాటిని అడగనిచ్చే, అడగనివ్వని సమాజాలూ కలిసి నడిచిన చరిత్ర అనీ వారికి అప్పుడు తెలుస్తుంది. ఒక ఊపిరి తీసి వదిలేలోగా మనమూ, మన బడీ, మన గుళ్ళూ, మన పొలాలూ ఒక కళ తూర్పుకు జరిగిపోతున్నాం. ఏ వ్యాఖ్యాత ఏ అక్షరం దిద్దినా అది ఆగలేదు.